ఆదివారం తెరవని కొట్టు: జర్మనీలో సరుకులు తెచ్చుకోవడం

శనివారం మధ్యాహ్నం ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగి, రెండు రైళ్లు మారి, కెమ్నిట్జ్‌కో మాగ్డెబుర్గ్‌కో చేరేసరికి రాత్రి పది దాటుతుంది. సూట్‌కేసుల్లో ఆవకాయ ఉంటుంది, కందిపొడి ఉంటుంది, బుల్లి రైస్ కుక్కర్ ఉంటుంది. బియ్యం మాత్రం ఉండవు. "బియ్యం అక్కడ దొరక్కపోతాయా, బరువు దండగ" అని చివరి నిమిషంలో ఇంట్లోవాళ్లు తీసేసి ఉంటారు. మర్నాడు పొద్దున్నే లేచి వీధి చివరి సూపర్‌మార్కెట్‌కి వెళ్తే లైట్లు ఆర్పేసి ఉంటాయి. అద్దం తలుపు మీద వేళలు రాసి ఉంటాయి: సోమవారం నుంచి శనివారం వరకు. ఆదివారం అనే మాటే అందులో కనిపించదు. సెలవు అని కూడా రాయరు. ఊరందరికీ తెలిసిన సంగతిని పనిగట్టుకుని రాయాలని ఎవరికీ తోచదు మరి.

జర్మనీకి చదువు కోసం వెళ్లిన తెలుగు పిల్లల్లో చాలామందికి మొదటి పాఠం ఇదే. 2023-24 శీతాకాలం సెమిస్టర్ నాటికి అక్కడి విశ్వవిద్యాలయాల్లో భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో అందరికన్నా ఎక్కువమంది వాళ్లే. వెళ్లే ముందు వీసా గురించి, దానికోసం ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించే బ్లాక్డ్ అకౌంట్ గురించి, హాస్టల్ గది గురించి నెలల తరబడి వాకబు చేస్తారు. పాలు ఎలా కొనాలో మాత్రం ఎవరూ అడగరు. అదో విషయమా అనిపిస్తుంది. కానీ కొత్త దేశంతో వారానికి రెండు మూడుసార్లు ముఖాముఖి ఎదురుపడేది ఆ పాల అర దగ్గరే.

మన వీధిలో కిరాణా కొట్టు సరుకు అమ్మి ఊరుకోదు. ఇంటివాళ్ల తరఫున బోలెడు పనులు చేసిపెడుతుంది. ఏ బియ్యం పాతవో, ఏ కందిపప్పు తొందరగా ఉడుకుతుందో కొట్టాయనే చెబుతాడు. "ఈసారి వచ్చిన మినప్పప్పు అంత బాలేదమ్మా, రెండు రోజులాగండి, కొత్త లోడు దిగుతుంది" అంటాడు. తూకం ఆయనే వేస్తాడు, పొట్లం ఆయనే కడతాడు, ఖాతాలో ఆయనే రాసుకుంటాడు, బియ్యం బస్తా కుర్రాడి చేత పంపిస్తాడు. రాత్రి పదింటికి షట్టర్ సగం దించాక కూడా వంగి "అన్నా, పెరుగు ప్యాకెట్ ఒకటి" అంటే లేదనడు. ఇప్పుడు హైదరాబాద్‌లో పది నిమిషాల డెలివరీ యాప్‌లు వచ్చి ఆ నాలుగడుగుల నడక కూడా తప్పించాయి. జర్మనీ సూపర్‌మార్కెట్‌లో ఇవన్నీ కొనుక్కునేవాళ్లు చేసుకోవాల్సిన పనులు. ఎంచుకోవడం, చదువుకోవడం, కొన్నిచోట్ల తూచుకోవడం, మోసుకోవడం, ఖాళీ సీసాలు తిరిగి తీసుకెళ్లడం, రేపటి గురించి ఇవాళే ఆలోచించుకోవడం. అక్కడ అలవాటు పడటమంటే చాలావరకు ఇదే. ఇన్నాళ్లూ ఇంకొకరు చేసిపెడుతున్నారని కూడా తెలియని పనుల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి చేతిలోకి తీసుకోవడం.

ముందుగా ఆదివారం సంగతి. ఇది కొట్లవాళ్ల ఇష్టాయిష్టాల మీద నడిచేది కాదు. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో 139వ అధికరణం ఆదివారాన్ని, పండుగ సెలవుల్ని విశ్రాంతి దినాలుగా కాపాడింది. 1949లో వచ్చిన ఇప్పటి రాజ్యాంగం ఆ అధికరణాన్ని తన 140వ అధికరణం ద్వారా అలాగే కలుపుకుంది. దుకాణాల వేళల మీద 1956లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. దాని ప్రకారం మామూలు రోజుల్లో సాయంత్రం ఆరున్నరకి, శనివారం మధ్యాహ్నం రెండింటికే కొట్లు కట్టేయాలి. 1996లో మామూలు రోజుల గడువు రాత్రి ఎనిమిది దాకా పెరిగింది. శనివారం ఎనిమిది దాకా కావడానికి 2003 వరకు ఆగాల్సి వచ్చింది. 2006 తర్వాత ఈ వేళలు నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు వెళ్లింది. అందుకే బెర్లిన్‌లో శనివారం అర్ధరాత్రి దాకా కూడా కొట్టు తెరుచుకోవచ్చు, బవేరియాలో మాత్రం మామూలుగా ఎనిమిదింటికి మూసేయాల్సిందే. మ్యూనిక్‌లో ఉద్యోగం ముగించుకుని ఏడున్నరకి ట్రామ్ దిగినవాళ్లు ఇంటి దారి వదిలి ముందు పాల దారి పట్టడం అందుకే కనిపిస్తుంది.

ఆదివారం పూర్తిగా దారులు మూసుకుపోవు. పెద్ద రైల్వేస్టేషన్లలో, విమానాశ్రయాల్లో, పెట్రోలు బంకుల్లో సరుకులు దొరుకుతాయి. బేకరీలు కొన్ని గంటలు తెరుస్తాయి. కానీ స్టేషన్‌లో కొన్న పాల డబ్బాకి, బంకులో కొన్న బ్రెడ్‌కి ధర బాగా ఎక్కువ పడుతుంది. ఈస్టర్ వారం ఇంకా గట్టి పరీక్ష. గుడ్‌ఫ్రైడే సెలవు, శనివారం తెరుస్తారు, ఆదివారం మూత, సోమవారం కూడా సెలవే. ఆ ఒక్క శనివారం క్యూలు చూస్తే సంక్రాంతి ముందు రోజు మన బజారు గుర్తొస్తుంది. డిసెంబరు 25, 26 కూడా అంతే.

మొదట్లో ఇది చాదస్తంలా అనిపిస్తుంది. కొన్నాళ్లకి చాలామంది అభిప్రాయం మారుతుంది, మారడంలో న్యాయం కూడా ఉంది. ఆ చట్టం వల్ల కౌంటర్ దగ్గర కూర్చునే మనిషికి వారంలో ఒకరోజు ఖాయంగా ఇంట్లో ఉండే వీలు కలుగుతోంది. మన దగ్గర కిరాణా కొట్టాయన ఏడాదిలో ఎన్ని రోజులు ఇంట్లో పిల్లలతో కలిసి మధ్యాహ్నం భోజనం చేస్తాడో లెక్క వేస్తే, రాత్రి పదింటి పెరుగు ప్యాకెట్ వెనక ఎవరి జీవితం ఉందో తెలుస్తుంది.

ఇక లోపలికి వెళ్దాం. మొదటి చిక్కు సరుకులు వేసుకునే తోపుడు బండి దగ్గరే. బండ్లన్నీ గొలుసుతో ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. ఒక యూరో నాణెమో, యాభై సెంట్ల నాణెమో పెడితేనే విడివడుతుంది. బండి తిరిగి పెట్టేస్తే నాణెం చేతికొస్తుంది. యూపీఐ వచ్చాక చిల్లర ముఖం చూడని కుర్రాళ్లు ఇక్కడ జేబులు తడుముకుంటారు. కార్డులు ఇప్పుడు దాదాపు అన్ని పెద్ద కొట్లలో చెల్లుతాయి గానీ, చిన్న కొట్లలో నోటే కావాలంటారు, లేదా ఇంత మొత్తానికి పైన కొంటేనే కార్డు అంటారు. పది యూరోల నోటు ఒకటి, నాణేలు నాలుగు దగ్గర ఉంచుకోవడం అక్కడ బతుకు తెలివి.

రెండో చిక్కు ధర. మన దగ్గర ప్యాకెట్ మీదే ఎమ్మార్పీ ఉంటుంది, పన్నులతో కలిపి. ఎక్కడ కొన్నా అంతకు మించి తీసుకోకూడదు. జర్మనీలో ప్యాకెట్ తిప్పి తిప్పి చూసినా ధర కనిపించదు. ధర ఉండేది అర అంచున అంటించిన చీటీ మీద. అదే సరుకు పక్క కొట్లో ఇంకో ధర, స్టేషన్‌లో మరో ధర. అందుకే ఆ చీటీ చదవడం నేర్చుకోవాలి. పెద్ద అక్షరాల్లో ఉన్న ధర కన్నా దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది ముఖ్యం: కిలోకి ఇంత, లీటరుకి ఇంత. ఆ లెక్క చూపించి తీరాలని అక్కడ చట్టం ఉంది. 400 గ్రాముల డబ్బా, 650 గ్రాముల డబ్బా పక్కపక్కన పెట్టి గందరగోళపరిచే ఎత్తుగడ ఆ చిన్న అంకె ముందు పనిచేయదు. పన్ను కూడా చీటీ మీది ధరలోనే కలిసి ఉంటుంది. చాలా తిండి సరుకుల మీద 7 శాతం, కూల్‌డ్రింకుల లాంటి వాటి మీద 19 శాతం.

ఇంకో సంగతి: చవక సరుకు కంటికి ఎదురుగా ఉండదు. కళ్ల ఎత్తున పేరున్న బ్రాండ్లు ఉంటాయి. కొట్టు సొంత బ్రాండు చాలాసార్లు కింది అరలో ఉంటుంది. రేవె కొట్లో "యా!" అని తెల్ల ప్యాకెట్ల వరుస, ఎడెకాలో "గూట్ ఉంట్ గ్యున్‌స్టిగ్" వరుస, లిడిల్‌లో "మిల్‌బోనా" పాల సరుకులు అలాంటివే. వంగి చూసినవాడికి నూడుల్స్, పంచదార, వంటనూనె, టొమాటో ప్యూరీ తక్కువలో పడతాయి. విద్యార్థి వీసాకి ప్రభుత్వం చూపించమన్న మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకి 992. అందులోంచి గది అద్దె, ఆరోగ్య బీమా పోగా మిగిలిందాంతోనే తిండి. ఆ లెక్కలో కింది అర చాలా పెద్ద విషయం.

ఇక్కడే తెలుగువాళ్లందరూ చేసే పని ఒకటుంది. ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చుకోవడం. కొత్తిమీర కట్ట రెండు వందలా! ఒక్క మామిడిపండు రెండు వందల యాభైయా! అని గుండెలు బాదుకోవడం. మొదటి నెలలో ఇది తప్పదు, పైగా ఇంట్లో అప్పు తెచ్చి పంపినవాళ్లకి అది న్యాయమైన బాధ. కానీ ఈ గుణకారం కొనుగోలుకి ఏమీ సాయం చేయదు. ఒక్కో యూరోని వందతో హెచ్చవేస్తే అక్కడ ఏదీ కొనలేం, అన్నీ ఖరీదే. ఈ అరకీ ఆ అరకీ, ఈ వారానికీ పోయిన వారానికీ పోల్చడం మొదలుపెట్టిన రోజున మాత్రమే నిజంగా చవక ఏదో తెలుస్తుంది. పాలు, గుడ్లు, ఓట్స్, బంగాళాదుంపలు, క్యాబేజీ, యాపిల్స్ ఆ దేశం జీతాలతో చూస్తే చవకే. మన బెండకాయ, దొండకాయ ఖరీదు. మెనూ ఆ మేరకు మారినవాళ్లకి నెలాఖరు టెన్షన్ తగ్గుతుంది.

సరుకుల పేర్ల దగ్గర మోసపోవడం చాలా సులభం, ఎందుకంటే మనకి తెలిసిన వస్తువుల్లాగే కనిపిస్తాయి. నీళ్ల సీసా తీసుకుంటే సోడా అవుతుంది. జర్మన్లు బుడగల నీళ్లనే ఎక్కువ ఇష్టపడతారు. "క్లాసిక్" అంటే బుడగలు ఎక్కువ, "మీడియం" అంటే తక్కువ, "ష్టిల్" అని ఉంటేనే మామూలు నీళ్లు. అయినా ఆ ఖర్చు అనవసరం. అక్కడ కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. పెరుగనుకుని తెచ్చిన డబ్బా తెరిస్తే క్వార్క్ ఉంటుంది. తెల్లగా, గట్టిగా, పులుపుగా ఉంటుంది గానీ అన్నంలో కలవదు, ముద్దలు ముద్దలుగా విడిపోతుంది. పక్కనే అదే సైజు డబ్బాల్లో పుల్ల మీగడ, ష్మాంట్ అనే ఇంకా చిక్కటి మీగడ ఉంటాయి. పెరుగు కావాలంటే "నాటూర్‌యోగుర్ట్" అని వెతకాలి. దాని మీద "మిల్డ్" అని ఉంటే పులుపు తక్కువ రకం సూక్ష్మజీవులతో తోడేసినదని అర్థం. పాలల్లోనూ రెండు రకాలు. చల్లటి అరలో ఉండేది "ఫ్రిష్‌మిల్ష్", తాజా పాలు. బయట మామూలు అరలో డబ్బాలు డబ్బాలుగా పేర్చి ఉండేది "హా-మిల్ష్". బాగా ఎక్కువ వేడిమీద కాచి ప్యాక్ చేసినవి, మూత తెరవనంతవరకు నెలల తరబడి బయటే నిలవ ఉంటాయి. వాటితో కూడా పెరుగు తోడుకుంటుంది గానీ రుచి తేడా వస్తుంది. చలికాలంలో గదిలో పెరుగు తోడుకోక ఏడ్చేవాళ్లు గిన్నెని ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేయకుండా లోపలి లైటు మాత్రం రాత్రంతా వెలిగించి ఉంచుతారు. ఆ చిన్న బల్బు వేడికి పొద్దున్నకి గడ్డ పెరుగు సిద్ధంగా ఉంటుంది.

పిండి దగ్గర అంకెలు ఎదురవుతాయి: టైప్ 405, 550, 1050. వంద గ్రాముల పిండిని పూర్తిగా కాలిస్తే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ అంకె చెబుతుంది. గోధుమ పొట్టులోనే ఖనిజాలు ఎక్కువ కాబట్టి అంకె పెరిగేకొద్దీ పొట్టు ఎక్కువ. 405 అంటే దాదాపు మన మైదా. చపాతీలకి 1050, లేదా దాన్ని పూర్తి గోధుమపిండితో కలిపి వాడితే నడుస్తుంది, మన గోధుమపిండి మెత్తదనం మాత్రం రాదు. బియ్యంలో "మిల్ష్‌రైస్" అన్నది పాయసానికి తప్ప పనికిరాదు, పొట్టి గింజ, అంటుకుపోతుంది. బాస్మతి ఎక్కడైనా దొరుకుతుంది కానీ ఆవకాయ అన్నానికి అది నప్పదు, మెతుకు మెతుకు విడిపోయి నూనె పట్టదు. సోనా మసూరి దొరికేదాకా జాస్మిన్ బియ్యం నయం. పప్పు కోసం బెంగపడక్కర్లేదు. ఎర్ర కందిపప్పు, అదే మసూర్ పప్పు, దాదాపు ప్రతి సూపర్‌మార్కెట్‌లో ఉంటుంది, పది పదిహేను నిమిషాల్లో ఉడుకుతుంది.

మాంసం తినేవాళ్లూ, తిననివాళ్లూ ఇద్దరూ చదవాల్సిన పదాలు కొన్ని ఉన్నాయి. "రిండ్" అంటే గొడ్డుమాంసం, "ష్వైన్" పంది, "హేన్‌షెన్" కోడి, "పూటె" టర్కీ కోడి, "లామ్" గొర్రెపిల్ల. "హాక్‌ఫ్లైష్ గెమిష్ట్" అని ఉంటే పంది, గొడ్డుమాంసం కలిపిన కీమా. మటన్ కీమా అనుకుని తెచ్చుకుంటే హిందువుల ఇంట్లోనూ, ముస్లింల ఇంట్లోనూ బాధే. జెల్లీ మిఠాయిల్లో, కొన్ని తీపి పెరుగుల్లో జెలటిన్ ఉంటుంది. శాకాహారులకి పసుపుపచ్చ రంగు "వి" గుర్తు చూసుకోవడం తేలిక. గుడ్డు మీద అచ్చేసి ఉండే అంకె కూడా చదవదగ్గదే. 0 అంటే సేంద్రియం, 1 అంటే ఆరుబయట తిరిగే కోళ్లు, 2 అంటే షెడ్డులో నేల మీద పెంచినవి, 3 అంటే పంజరంలో పెంచినవి. తర్వాతి అక్షరాలు దేశం పేరు.

కూరగాయల దగ్గర ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. కొన్ని కొట్లలో కౌంటర్ మనిషే తూస్తారు. కొన్ని కొట్లలో కొనేవాళ్లే త్రాసు మీద పెట్టి, నంబరు నొక్కి, వచ్చిన చీటీ సంచికి అంటించాలి. ఏ కొట్లో ఏ పద్ధతో బోర్డు ఉండదు, చూసి తెలుసుకోవాల్సిందే. అరటిపళ్లు అలాగే తెచ్చి బెల్టు మీద పెడితే కౌంటర్ మనిషి చేతిలో పట్టుకుని, తల అడ్డంగా ఊపి, వెనక్కి చూపిస్తారు. వెనక ఆరుగురు నిలబడి ఉంటారు. ఆ ఆరుగురి మధ్యలోంచి త్రాసు దాకా పరుగెత్తి తిరిగొచ్చినవాళ్లు జన్మలో మళ్లీ ఆ త్రాసుని మర్చిపోరు.

ఆ కౌంటర్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. కొత్తవాళ్లని ఎక్కువగా బెదరగొట్టేది అదే. సరుకులు బెల్టు మీద వరుసగా పేర్చాలి, వెనకవాళ్ల సరుకులతో కలవకుండా మధ్యలో అడ్డుకర్ర పెట్టాలి, "హలో" అనాలి. ఆ తర్వాత స్కానింగ్ మొదలవుతుంది. బీప్, బీప్, బీప్. అందుకునేలోపే సరుకులు అవతల గుట్ట పడతాయి. అక్కడ నిలబడి సంచిలో సర్దుకోవడానికి చోటుండదు, సర్దిపెట్టే కుర్రాడూ ఉండడు. అన్నీ మళ్లీ బండిలోకి తోసేసుకుని, డబ్బు కట్టి, కిటికీ దగ్గర ఉండే బల్ల మీదకి వెళ్లి తీరిగ్గా సర్దుకోవాలి. ఆ సంగతి ముందే తెలిస్తే సగం భయం పోతుంది. సంచి ఇంటినుంచే తెచ్చుకోవాలి. పలచటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2022 జనవరి 1 నుంచి నిషేధం.

ఈ వేగం కోపంతో వచ్చింది కాదు. దాని వెనక ఒక వ్యాపార పద్ధతి ఉంది. ఎస్సెన్ పట్టణంలో 1913లో అన్నా ఆల్బ్రెష్ట్ అనే ఆవిడ చిన్న కొట్టు పెట్టింది, మన వీధి కొట్టు లాంటిదే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కొడుకులు కార్ల్, థియో దాన్ని చేతికి తీసుకున్నారు. రకాలు తగ్గించారు, అలంకారాలు మానేశారు, సరుకుని వచ్చిన అట్టపెట్టెల్లోనే అమ్మకానికి పెట్టారు, పనివాళ్లని తక్కువమందిని పెట్టుకున్నారు. అలా మిగిలినదాన్ని ధరలో తగ్గించారు. 1960ల మొదట్లో సిగరెట్లు అమ్మాలా వద్దా అనే దగ్గర అన్నదమ్ములు విడిపోయి ఉత్తరం ఒకరు, దక్షిణం ఒకరు పంచుకున్నారు. ఆ ఇంటిపేరులోంచి వచ్చిందే ఆల్డి అనే పేరు. స్కానర్లు రాకముందు ఆ కొట్లలో కౌంటర్ మనుషులు సరుకుల ధరలన్నీ కంఠతా పట్టేవాళ్లు. స్కానర్లు వచ్చాక ప్యాకెట్ ఎటు తిప్పినా తగిలేలా బార్‌కోడ్‌ని రెండు మూడు వైపులా, పొడుగ్గా అచ్చువేయించారు. అక్కడి కౌంటర్‌లో మిగిలే ప్రతి క్షణం చివరికి ధరలో కలుస్తుంది. అమెరికా వాల్‌మార్ట్ 1997లో జర్మనీకి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నవ్వుతూ పలకరించే మనుషుల్ని, సంచులు సర్దే మనుషుల్ని పెట్టింది. ఆ జనానికి అది ఎబ్బెట్టుగా తోచింది. నష్టాలకి వేరే పెద్ద కారణాలు చాలా ఉన్నాయి గానీ, 2006లో ఆ సంస్థ దుకాణాలు అమ్మేసి వెళ్లిపోయింది. నవ్వని కౌంటర్ మనిషిని చూసి "మన రంగు చూసి ఇలా ఉన్నారేమో" అని మొదటి వారంలో లోలోపల కుమిలిపోయే పిల్లలకి ఈ చరిత్ర తెలియడం మంచిది. వివక్ష అక్కడ లేదని కాదు. కానీ కౌంటర్ దగ్గరి ఆ పొడితనం ముందున్న జర్మన్ ముసలావిడకీ అంతే ఎదురైంది.

ఇక ఖాళీ సీసాల కథ. మన దగ్గర నీళ్ల సీసా మీద "వాడాక నలిపి పారేయండి" అని రాసి ఉంటుంది. ఆ అలవాటు చేతికి పట్టేసి ఉంటుంది. జర్మనీలో సీసా నలిపితే 25 సెంట్లు పోయినట్టే. ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసా, కూల్‌డ్రింకు టిన్ను లాంటివి కొన్నప్పుడు బిల్లులో దానికి డిపాజిట్ కలుస్తుంది, దాన్నే "ఫాండ్" అంటారు. 2003 జనవరి 1న ఈ పద్ధతి తప్పనిసరి అయింది. 2022 నుంచి పళ్లరసాల ప్లాస్టిక్ సీసాలకీ, 2024 నుంచి పాల ప్లాస్టిక్ సీసాలకీ విస్తరించింది. మళ్లీ మళ్లీ నింపే బీరు గాజుసీసాకి సాధారణంగా 8 సెంట్లు, ఇంకొన్ని సీసాలకి 15. ఖాళీ సీసాని కొట్లో ఉన్న యంత్రం గుండ్రటి నోట్లో పెడితే తిప్పి చూసి గుర్తు చదువుకుంటుంది. నలిగి గుర్తు కనబడకపోతే వెనక్కి తోసేస్తుంది. సీసాలన్నీ అయ్యాక బటన్ నొక్కితే చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్‌లో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు, లేదా డబ్బే ఇస్తారు. ఏ కొట్లో కొన్నామో అక్కడే ఇవ్వాలనేం లేదు. మన చిన్నప్పుడు గోళీసోడా తాగి సీసా అక్కడే ఇచ్చేసినట్టే ఇదీ, దేశమంతా ఒకే లెక్క కింద నడుస్తోంది. పార్కుల్లో కొందరు ఖాళీ సీసాని చెత్తడబ్బాలో వేయకుండా పక్కన నిలబెట్టి వెళ్తారు. సీసాలు ఏరుకుని పొట్టపోసుకునేవాళ్లు చెత్తలో చేయి పెట్టాల్సిన పని లేకుండా. అది గమనించాక నలపడం దానంతట అదే ఆగిపోతుంది.

ఇంతా చెప్పాక, కొట్టాయన పలకరింపు ఆ దేశంలో పూర్తిగా లేదనుకోకూడదు. దాన్ని వెతకాల్సిన చోటు వేరు. 1961 అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ, టర్కీ ఒక ఒప్పందం కుదుర్చుకున్నాయి. కర్మాగారాల్లో పనికి టర్కీ కార్మికులు లక్షల్లో వచ్చారు. 1973లో కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశారు. వచ్చినవాళ్లు ఉండిపోయారు, కుటుంబాల్ని తెచ్చుకున్నారు, వాళ్ల వంటకి కావలసినవి జర్మన్ కొట్లలో లేక సొంతంగా కూరగాయల కొట్లు పెట్టుకున్నారు. ఆ కొట్లే ఇవాళ తెలుగువాళ్ల పాలిట కిరాణా కొట్లు. జర్మన్ సూపర్‌మార్కెట్‌లో కొత్తిమీర చిన్న కుండీలో నాలుగు రెమ్మలుగా ఉంటే, ఇక్కడ చేతినిండా కట్ట వస్తుంది. పుదీనా, పచ్చిమిర్చి, వంకాయ, బెండకాయ, శనగలు, చింతపండు లేకపోయినా దానిమ్మ పులుసు, కిలోల లెక్కన పెరుగు బకెట్లు. హలాల్ మాంసం కావలసినట్టు ముక్కలు కొట్టించుకోవచ్చు. జర్మన్ సూపర్‌మార్కెట్‌లో ఎముకతో కూర ముక్కలు కొట్టివ్వమంటే వింతగా చూస్తారు, ఇక్కడ "చిన్నవా, పెద్దవా" అని చేత్తో సైగ చేసి అడుగుతారు. కొట్టాయన్ని అక్కడివాళ్లు "అబీ" అని పిలుస్తారు, అన్నా అని అర్థం. ఆ మాట తెలుసుకుని పిలిచిన తెలుగు కుర్రాడిని మూడో వారానికి ఆయన గుర్తుపడతాడు.

వారపు సంతలు కూడా ఉన్నాయి. బెర్లిన్‌లో మైబాఖ్‌ఊఫర్ కాలవ గట్టున మంగళ, శుక్రవారాల్లో జరిగే టర్కిష్ సంత పేరున్నది. మన రైతుబజారు చూసినవాళ్లకి కాళ్లు వాటంతట అవే నడుస్తాయి. సంత ముగిసే వేళకి మిగిలిన టొమాటోలు, మిరపకాయలు కుప్పలుగా తక్కువకి ఇచ్చేస్తారు. జర్మన్ రైతుల సంతల్లో మాత్రం ఒక మర్యాద పాటించాలి. బెండకాయ తుంచి చూసినట్టు కాయల్ని నొక్కి చూడకూడదు. అడిగితే వాళ్లే ఏరి ఇస్తారు. ఆ సంతల్లో ఇంకో ముచ్చట ఉంది. పాతకాలం పెద్దవాళ్లు ఇప్పటికీ కిలోల్లో కాకుండా "ఫుండ్" లెక్కలో అడుగుతారు. ఫుండ్ అంటే 500 గ్రాములు. అందులో సగం "హాల్బెస్ ఫుండ్", అంటే సరిగ్గా మన పావుకిలో. జర్మన్ ఒక్క ముక్క రాకపోయినా ఆ మాటతో చెర్రీపళ్లు కొనుక్కోవచ్చు.

ఇండియన్ కొట్టుకి నెలకోసారి వెళ్తే చాలు. చిన్న ఊళ్లలో అది ఉండకపోవచ్చు, పక్క నగరానికి రైల్లో వెళ్లి పదికిలోల బియ్యం మోసుకు రావాల్సి ఉంటుంది. కందిపప్పు, సోనా మసూరి, చింతపండు, ఇంగువ, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మునక్కాడలు, కొబ్బరి తురుము అక్కడే. ఆ సరుకు మన దేశపు నిర్ణయాలతో ముడిపడి ఉంటుంది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించినప్పుడు పరాయి దేశాల్లో తెలుగువాళ్లు ఎక్కువగా కంగారు పడింది సోనా మసూరి గురించే. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశారు.

సూట్‌కేసులో తెచ్చుకోవడానికీ హద్దులున్నాయి, తల్లులు ఇది తప్పక తెలుసుకోవాలి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం బయటి దేశాలనుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా కుదరవు. 2019 డిసెంబరు 14 నుంచి పచ్చి ఆకులు, కూరగాయలు, పళ్లకి కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కొబ్బరికాయ, అరటి, అనాస, ఖర్జూరం, దురియన్‌లకే మినహాయింపు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు దాచి తెస్తే కస్టమ్స్‌వాళ్లు తీసి పారేస్తారు. ఆవకాయకి, గోంగూర పచ్చడికి, కందిపొడికి, ఎండబెట్టి పొడిచేసిన కరివేపాకుకి ఆ బెడద లేదు. నెయ్యి అక్కడ చేసుకోవడం చాలా తేలిక. ఉప్పులేని వెన్న పావుకిలో కడ్డీలుగా ప్రతి కొట్లో దొరుకుతుంది, సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు కరిగిస్తే కమ్మటి నెయ్యి. గోంగూరకి మాత్రం సరైన జోడీ లేదు. "జావర్‌ఆంప్ఫర్" అనే పుల్లటి ఆకు వసంతంలో సంతలకి వస్తుంది, మన చుక్కకూర చుట్టమే అది. పప్పులో వేస్తే బాగుంటుంది.

ఈ తెలివంతా ఎక్కడా ఒకచోట రాసి ఉండదు. ఒక ఏడాది ముందు వచ్చినవాళ్లనుంచి తర్వాత వచ్చినవాళ్లకి చేరుతుంటుంది. అందుకే సెప్టెంబరు చివర్లో, కొత్త సెమిస్టర్ ముందు, విద్యార్థులు ఉండే ఊళ్లలో శనివారం సాయంత్రం ఒక దృశ్యం కనిపిస్తుంది. సీనియర్ ఒకరు ఏడింటికల్లా కొట్లో ఉంటారు. ఒక లీటరు ఫ్రిష్‌మిల్ష్, నాటూర్‌యోగుర్ట్ డబ్బా, కిలో జాస్మిన్ బియ్యం, ఎర్ర పప్పు, నాలుగు ఉల్లిపాయలు, ఆరు గుడ్లు, బ్రెడ్డు, ఉప్పు. నీళ్ల సీసా "ష్టిల్" అని చదివి మరీ తీస్తారు, రాత్రి రైలు దిగేవాడు దాహంగా ఉంటాడు కాబట్టి. కిటికీ దగ్గరి బల్ల మీద అన్నీ గుడ్డసంచిలో సర్ది, గుడ్లు పైన పెట్టి, బండి తిరిగి తగిలించి నాణెం తీసుకుని స్టేషన్‌కి బయల్దేరతారు. ఆ నాణెం జేబులో పెట్టుకోరు. సోమవారం పొద్దున కొత్తవాడి చేతిలో పెట్టడానికి విడిగా ఉంచుతారు.